ఇరవై రెండు గ్రాములు

కాటా పళ్ళెం కింద నాలుగు స్క్రూలుంటాయి. మూడు బుద్ధిగా ఊడొచ్చాయి. నాలుగోది మొరాయించింది. తూకాలమ్మాయి స్క్రూడ్రైవరు మొనని గాడిలో సరిగ్గా నిలబెట్టి, పిడి మీద అరచేతిని ఆనించి నొక్కి, ఒక్క అర చుట్టు తిప్పింది. టక్కుమంది. బల్ల చివర బుట్టలో పడుకున్న పదకొండు రోజుల పిల్ల ఉలిక్కిపడి, రెండు చేతులూ గాల్లోకి లేపి, ఏమీ లేదని తేల్చుకుని మళ్ళీ నిద్రలోకి జారిపోయింది.

"నిన్ను కాదులేవే, స్క్రూని," అంది తూకాలమ్మాయి.

వీధిలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా, పెళ్ళయినా, ఇప్పుడు బిడ్డ పుట్టినా ఆ 'అమ్మాయి' మాత్రం ఊడిపోలేదు. ఇంటి కింది గదే ఆమె దుకాణం. కూరగాయల కొట్ల కాటాలు, కొరియరు ఆఫీసు కాటాలు, మందుల షాపులో పిడికెడంత ఉండే చిన్న త్రాసులు, పాతిక కిలోల బస్తాలు మోసే ఇనప కాటాలు, అన్నీ అక్కడికే వస్తాయి. జబ్బు చేసి వస్తాయి, నిజం చెప్పడం నేర్చుకుని వెళతాయి.

ఇప్పుడు బల్ల మీదున్నది చంటిపిల్లల కాటా. రెండు వీధుల అవతలి ఆస్పత్రిది. శుక్రవారం పొద్దున్నకల్లా తిరిగి ఇవ్వాలి. ఆ రోజు పిల్లల్ని తూచే రోజు, తల్లులు వరసగా వచ్చి కూర్చుంటారు. ఆ వరసలో ఈమె కూడా ఒకతె. అసలు సంగతంతా అక్కడే ఉంది.

సోమవారం నాడు నర్సక్క ఈ కాటా మీదే పిల్లని తూచింది. అంకెలు కుదురుగా నిలబడవే! రెండువేల ఎనిమిది వందలంటుంది, ఎనిమిది వందల ఇరవై అంటుంది, మళ్ళీ కిందికి దిగుతుంది.

"రెండువేల ఎనిమిది వందల పది అనుకుందాం," అంది నర్సక్క.

"అనుకోవడం ఏంటక్కా? కాటా ఉన్నది అనుకోవడానికా?"

"అయితే నువ్వే తీసుకెళ్ళి బాగుచెయ్యి తల్లీ, నీకంటే ఎవరున్నారు! నా గోడు అది కాదు. మూడువేల అరవైతో పుట్టింది. మొదట్లో కాస్త తగ్గడం మామూలే, కానీ ఇది ఎక్కువ తగ్గింది. నీ దగ్గర చీకుతోంది సరే, లోపలికి ఏమైనా పోతోందా లేదా? అదీ నాకు తెలియాల్సింది. పాలిచ్చే ముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి, అవే బట్టలతో, ఏదీ మార్చకుండా తూస్తే పిల్ల ఎంత తాగిందో అంతే తేలుతుంది. కానీ ఈ కాటాతో పొట్టేలుని తూయాలన్నా నాకు భయమే."

ఆ తర్వాత ఆమె గొంతు కొంచెం తగ్గించింది. "శుక్రవారం దాకా ప్రతిసారీ నీ పాలయ్యాక సీసాతో డబ్బాపాలు పట్టు. అప్పటికీ నీ దగ్గర ఏమీ రావడం లేదనిపిస్తే మాత్రం ఇద్దరూ ఇలా అలిసిపోవద్దు. పూర్తిగా సీసాకి మారిపోదాం. అందులో తప్పేం లేదు. పిల్ల నిక్షేపంగా పెరుగుతుంది."

తప్పేం లేదని తూకాలమ్మాయికీ తెలుసు. సున్నా అని తేలితే సున్నాకి దణ్ణం పెట్టి సీసా అందుకునేది. ఎటొచ్చీ ఆ సున్నాని కళ్ళతో చూడాలి. పిల్ల అంత శ్రద్ధగా, కనుబొమలు ముడేసి, పెద్ద ఉద్యోగం చేస్తున్నట్టు చీకుతుంటే లోపలికి పాలు పోతున్నాయో గాలి పోతోందో తెలియకపోవడం ఆమె వల్ల కాలేదు.

ఆరేళ్ళ కిందట ఆమె రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంది. అప్పటికి పదేళ్ళుగా మెడ నొప్పి, వీపు నొప్పి. రోజంతా బల్ల మీదికి వంగి చేసే పని. భుజాల మీద లోదుస్తుల పట్టీలు కోసిన గాడి వేలు పెడితే పట్టేంత లోతు. ఇరవై కిలోల గుండుని ఎత్తి దించేస్తే చేతులు తేలికవుతాయి, ఈ బరువుని మాత్రం దించే చోటు లేదు. ఆపరేషన్ అయ్యాక, మత్తు ఇంకా పూర్తిగా దిగకుండానే డాక్టరుని అడిగిన మొదటి మాట, "ఎంత తీశారండీ?"

"ఒక్కోవైపు అరకిలో దాటి ఉంటుందమ్మా."

"దాటి అంటే?"

డాక్టరు నవ్వి కాయితం తెప్పించి చూశాడు. ఎడమ వైపు ఐదువందల అరవై. కుడి వైపు ఆరువందల పది. అప్పుడు గానీ ఆమె హాయిగా కళ్ళు మూసుకోలేదు. లేచాక, పదేళ్ళలో మొదటిసారి, వీపు తనదేనా అని తడిమి చూసుకుంది. ఆ పని చేయించుకున్నందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

ఆ డాక్టరే ముందుగా ఒక మాట చెప్పాడు. "చనుమొనని పూర్తిగా వేరుచెయ్యం, కింద కొంత కండతో కలిపే ఉంచుతాం. పాలనాళాల్లో కొన్ని తెగుతాయి, కొన్ని మిగులుతాయి. రేపు బిడ్డ పుడితే కొంత పాలు రావచ్చు, రాకపోవచ్చు. ఎంత అని ఇప్పుడు చెప్పలేను."

అప్పుడు సరే అనేసింది. ఇప్పుడు ఆ 'ఎంత' వచ్చి బుట్టలో పడుకుని ఉంది.

పళ్ళెం పైకి లేచింది. ఎత్తేముందే ఆమె పద్ధతి ప్రకారం కాటా ఉన్నదున్నట్టుగా ఏం చెబుతోందో రాసుకుంది. మూడు కిలోల తూకపు గుళ్ళు పెడితే ఒకసారి రెండువేల తొమ్మిది వందల అరవై నాలుగు, ఒకసారి ఎనభై ఎనిమిది, ఒకసారి డెబ్బై. చెడిన కాటాని ముందు చెడినట్టుగానే వినాలి. వినకుండా విప్పితే ఏం బాగుచేశావో నీకే తెలియదు.

టార్చి వేసి లోపలికి చూసింది. నడుమ ఒక అల్యూమినియం దిమ్మె ఉంటుంది. బరువు పడితే అది వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంగడాన్నే అంకెలుగా చూపిస్తుంది యంత్రం. ఆ దిమ్మెకీ అడుగు రేకుకీ మధ్య ఉండాల్సింది ఖాళీ. ఆ ఖాళీలో ఏదో పసుపుపచ్చగా మెత్తగా కూర్చుని ఉంది. సన్న పట్టకారుతో పట్టి మెల్లగా లాగింది.

మేజోడు. బొటనవేలికి తొడిగితే సరిపోయేంత చంటిపిల్ల మేజోడు!

"అత్తయ్యా! ఇలా రండి!"

అత్తయ్య మెట్ల మీంచి దిగే చప్పుడు బస్సు ఆగిన చప్పుడులా ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు బస్సు కండక్టరుగా చేసి ఈమధ్యే దిగిపోయిన మనిషి. ఉద్యోగం ఆమెని వదిలింది గానీ ఆమె ఉద్యోగాన్ని వదల్లేదు. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంటుంది.

"ఏమైంది? ఎవరు దిగాలి?"

"ఇదిగో, ఇది దిగింది. టిక్కెట్టు లేకుండా ఎన్నేళ్ళ నుంచి కూర్చుందో! పళ్ళెం మీద పడ్డ బరువులో ముప్పై గ్రాములు ఇదే మోస్తోంది."

అత్తయ్య మేజోడుని వేలికి తొడుక్కుని చూసింది. "అంటే మన పిల్ల తగ్గలేదన్నమాట! చెప్పానా నేను!"

"తగ్గిందత్తయ్యా. నర్సక్క అన్నంత కాదు, ముప్పై గ్రాములు తక్కువగా తగ్గింది."

"ముప్పై గ్రాములు దొరికితే వదులుతారా ఎవరైనా?" అని అత్తయ్య అక్కడే చిన్నగా ఈల వేసింది.

ఆపరేషన్ గురించి ఈ ఇంట్లో దాపరికం లేదు. పెళ్ళికి ముందే చెప్పేసింది. అత్తయ్య అప్పుడు తన రవిక భుజం కాస్త జరిపి, ఎడమ వైపున్న గాడిని చూపించింది. "టిక్కెట్ల సంచి పట్టీ. ఇరవై ఏడేళ్ళు. నాకు సంచి దించే వీలుంటే నేనూ ఎప్పుడో దించేసేదాన్ని," అంది. ఆ మాటతో కోడలికి అత్తగారు ఖాయమైపోయింది. కొడుకు సంగతి తర్వాత.

మేజోడుని పక్కన పెట్టి, ఖాళీని గాలి ఊది శుభ్రం చేసి, దిమ్మె మరలు బిగించి, పళ్ళెం కూర్చోబెట్టింది. కాళ్ళు నాలుగూ సర్ది రసమట్టంలో బుడగ నడుమకి వచ్చేదాకా తిప్పింది. ఇక గుళ్ళ పెట్టె తెరిచింది. నీలం మఖమలు పరిచిన చెక్క పెట్టె, ఒక్కో గుండుకి దాని కొలతకి సరిపడా ఒక్కో గుంట. ఈ గుళ్ళని చేతి తొడుగు లేకుండా ఆమె ముట్టుకోదు. వేలి చెమట కూడా బరువే. తీసిన గుండు పని కాగానే దాని గుంటలోకి పోవాలి, ఆ తర్వాతే ఆమె ఇంకో పని ముట్టుకోవాలి. పదమూడేళ్ళలో ఈ నియమం ఒక్కసారి తప్పలేదు.

మూడు కిలోలు పెట్టింది. మూడువేలు. రాయిలా నిలబడింది. దాని మీద రెండు గ్రాములు. మూడువేల రెండు. ఐదు, పది, ఇరవై, యాభై. ఎంత పెడితే అంతే చెబుతోంది కాటా. ఆమెకి ఒళ్ళు పులకరించింది. ఇలాంటి కాటా చేతికింద ఉంటే చీమ ఎక్కి దిగినా పట్టుకోవచ్చు.

సరిగ్గా అప్పుడే పిల్ల లేచింది. లేచింది అంటే చాలదు. ఆకలి మీద లేచింది. ముఖం టమాటా అయింది, నోరు పెట్టెంత అయింది.

"వచ్చా వచ్చా వచ్చా!" అంటూ తూకాలమ్మాయి తొడుగులు లాగి పారేసింది. పళ్ళెం మీంచి దించిన గుళ్ళు బల్ల మీద ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

"ముందు తూయాలిగా!" అంది అత్తయ్య.

"అవును, ముందు తూయాలి. పిల్ల కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉండాలి. తడిపినా మార్చకూడదు. గుడ్డతో సహా."

మూడువేల నలభై రెండు. గోడ మీద చాక్‌తో రాసింది.

ఇక ఆమె కుర్చీలో కూర్చుని, వీపు వెనక దిండు పెట్టుకుని, పిల్లని పొట్టకి పొట్ట ఆనేట్టు తిప్పి దగ్గరికి తీసుకుంది. పిల్ల పట్టు కోసం తల అటూ ఇటూ ఊపి, నోరు బార్లా తెరిచి, చనుమొనతో పాటు నల్లటి వలయాన్ని కూడా కలిపి గబుక్కున అందుకుంది.

"రైట్ రైట్!" అంది అత్తయ్య.

"నవ్వించకండి అత్తయ్యా, ఊడిపోతుంది!"

ఎడమ వైపు పావుగంట. కుడి వైపు పదినిమిషాలు. పిల్ల పుట్టిన నాలుగోరోజున కుడి వైపు రాయిలా గట్టిపడి, ఇచ్చింది మాత్రం చుక్కలే. ఎడమదే కాస్త దారి తెలిసినది. మధ్యలో మింగిన చప్పుడు వినిపించిందని అత్తయ్య, కాదు ఎక్కిళ్ళని కోడలు, ఇద్దరూ ఊపిరి బిగబట్టి వాదించుకున్నారు. చివరికి పిల్ల తనంతట తనే వదిలేసి, తాగుబోతులా మెడ వాల్చేసింది. అత్తయ్య అందుకుని, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించి, బల్ల మీద ఒక్క నిమిషం పడుకోబెట్టి, జారిపోయిన గుడ్డ కొసలు పట్టి మళ్ళీ గట్టిగా చుట్టి కాటా మీద పెట్టింది.

మూడువేల నూట పద్నాలుగు.

తూకాలమ్మాయి గోడ వంక చూసింది. కాటా వంక చూసింది. మళ్ళీ గోడ వంక చూసింది.

"డెబ్బై రెండు," అంది.

"అంటే?"

"డెబ్బై రెండు గ్రాములత్తయ్యా! కడుపునిండా! అంతా నాదే!"

ఆ తర్వాత ఆ గదిలో ఏం జరిగిందో వరసగా చెప్పడం కష్టం. అత్తయ్య ఈల వేసింది. ఈసారి చిన్నగా కాదు, డిపో దద్దరిల్లేట్టు. తూకాలమ్మాయి పిల్లని గుండెకి అదుముకుని కుర్చీ చుట్టూ తిరిగింది, బల్ల చుట్టూ తిరిగింది, పాత ఇనప కాటా ఎక్కి తన బరువు చూసుకుని దిగింది, ఎందుకో ఆమెకే తెలియదు. అంతలో మొగుడు వచ్చాడు. బేకరీలో పని అతనిది, తెల్లారకముందే పోయి మధ్యాహ్నానికి వస్తాడు, చెవుల్లో ఎప్పుడూ పిండి ఉంటుంది.

"ఏమైంది? ఈల వీధి మలుపు దాకా వినిపించింది!"

"డెబ్బై రెండు!"

"ఏది?"

"నీ బన్ను! డెబ్బై రెండు గ్రాములు తాగింది! నా దగ్గరే!"

బన్ను అన్నది పిల్లకి అతను పెట్టిన ముద్దుపేరు. పుట్టగానే చూసి, బాగా పొంగింది అన్నాడట. ఇప్పుడు అతను పిల్లని చూసి, పెళ్ళాన్ని చూసి, ఇద్దర్నీ కలిపి ఎత్తబోయి, నడుం పట్టేసి ఆగిపోయాడు.

అత్తయ్య అప్పటికే కిటికీ రెక్క తోసేసింది. ఎదురుగా కూరగాయల పిన్ని కొట్టు. కిందటి వారం ఈ పిన్నే, "కోయించుకున్నదానికి పాలెక్కణ్ణుంచి వస్తాయి వదినా," అని ముక్కు మీద వేలేసుకుంది. అత్తయ్య ఆ మాటని సంచిలో చిల్లరలా దాచుకుని ఉంది.

"ఏమోయ్! వినపడుతోందా? మా కోడలు ఒక్క పూటకి డెబ్బై రెండు గ్రాముల పాలిచ్చింది! రాసుకో!"

పిన్ని బీరకాయలు సర్దుతూనే తలెత్తింది. "ఆ కాటా సరిగ్గా ఉందో లేదో చూసుకున్నారా వదినా?"

"ఏం మాటే అది! బాగుచేసింది ఎవరనుకున్నావు!"

ఆ మాటకి తూకాలమ్మాయికి పౌరుషం వచ్చింది. పిల్లని మొగుడికిచ్చి, బల్ల సర్దడానికి తిరిగింది. తొడుగులు వేసుకుంది. గుళ్ళు ఒక్కొక్కటే ఎత్తి గుంటల్లో పెట్టింది. మూడు కిలోలవి. రెండు. ఐదు. పది. ఇరవై.

యాభై గుంట ఖాళీగా ఉంది.

బల్ల కింద చూసింది. సొరుగులో చూసింది. అప్పటికే ఆమెకి తెలిసిపోయింది. గది నిండా నవ్వులు. మొగుడు బన్నుని ఊపుతూ డెబ్బై రెండు, డెబ్బై రెండు అని పాట కడుతున్నాడు. పెట్టె మూత వేసెయ్యొచ్చు. గుండు తర్వాత ఎక్కడో దొరుకుతుంది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. శుక్రవారం నర్సక్కకి డెబ్బై రెండు అని చెబితే నర్సక్క నమ్ముతుంది. తూకాలమ్మాయి చెప్పిన అంకెని ఈ చుట్టుపక్కల నమ్మనివాళ్ళు లేరు.

సరిగ్గా అందుకే ఆమె మూత వెయ్యలేదు.

"పిల్లని ఇలా ఇవ్వు," అంది.

గుడ్డ విప్పింది. రెండో మడత విప్పగానే, పిల్ల పిరుదు కింద వెచ్చగా, నున్నగా, అమాయకంగా పడుకుని ఉంది యాభై గ్రాముల గుండు.

మొగుడి పాట ఆరిన పొయ్యిలా ఆగిపోయింది. అత్తయ్య కిటికీ వైపు ఒకసారి చూసి, రెక్క మెల్లగా దగ్గరికి లాగింది.

"నాదే తప్పు," అంది తూకాలమ్మాయి. "పదమూడేళ్ళలో మొదటిసారి గుళ్ళు బల్ల మీద వదిలేశాను."

"గుడ్డ చుట్టింది నేను కదే," అంది అత్తయ్య.

కోడలు ఆ మాట వినడం లేదు. అదే గుడ్డని అలాగే చుట్టి, పిల్లని మళ్ళీ కాటా మీద పడుకోబెట్టింది. మూడువేల అరవై నాలుగు. గోడ మీద అంకె కింద అంకె రాసి తీసేసింది. తీసేసి, చాక్ పట్టుకుని అలాగే నిలబడింది. మొగుడు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు, ఏడుస్తోందేమో అని.

ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వు!

"ఇరవై రెండు," అంది. "సున్నా కాదు! విన్నావా? సున్నా కాదు! డెబ్బై రెండు దొంగది. ఇది మాత్రం అచ్చంగా నాది. గుడ్డ విప్పి చూసి మరీ తూచాను, పిల్ల కింద ఏమీ లేదు, ఇరవై రెండు!"

"యాభై గ్రాముల ఇనుముని మింగిందనుకున్నాం," అన్నాడు మొగుడు, నవ్వొచ్చి మాట పూర్తికాక.

"ఇనుము కాదు, స్టీలు," అంది ఆమె. ఆ ముక్కకి ముగ్గురూ విరగబడి నవ్వారు. పిల్లకి మాత్రం ఇందులో నవ్వేదేమీ కనపడలేదు. మిగతా ఆకలి సంగతేంటని నోరు తెరిచింది. మొగుడు పరుగెత్తి సీసా కలుపుకొచ్చాడు.

పిల్ల తాగుతుండగా తూకాలమ్మాయి అడిగింది. "పిన్నికి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు," అంది అత్తయ్య గట్టిగా. "టిక్కెట్టు కొట్టాక వెనక్కి తీసుకునేది లేదు."

"కాటాని అనుమానించింది అత్తయ్యా. కాటా తప్పు లేదని చెప్పాలి కదా."

పిల్ల నిద్రపోయాక ఆమె వీధి దాటి వెళ్ళింది. అత్తయ్య వెనకే వచ్చింది, చూడకుండా ఉండలేక.

"పిన్నీ, డెబ్బై రెండు కాదు. గుడ్డలో గుండు ఉండిపోయింది. ఇరవై రెండు."

పిన్ని ఎగతాళి చేద్దామని నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న ముఖంలో వెలుగు చూసి ఆగింది. "ఇరవై రెండంటే ఎంత?" అని, ఒక చిన్న ఉల్లిపాయ తీసి తన కాటా మీద పెట్టింది. ఇరవై. పాతిక. ఇరవై. పాతిక.

"నీ కాటా ఐదైదుగా గెంతుతుంది పిన్నీ. నా పాలు దానికి కనిపించవు."

"ఇంతేనా!" అంది పిన్ని, ఉల్లిపాయని వేళ్ళ మధ్య తిప్పుతూ.

"ఆ పిల్ల పిడికిలి చూశావా? కడుపు కూడా ఇంచుమించు అంతే. అందులో మూడో వంతు ఈ ఉల్లిపాయ."

పిన్ని ఉల్లిపాయని జాగ్రత్తగా గంపలో పెట్టింది. "అయితే తక్కువేం కాదే," అని ఒప్పుకుంది. వెంటనే అత్తయ్య వైపు తిరిగి, "చూసుకున్నారా అని అడిగానా లేదా వదినా?" అంది.

"అడిగావులేవమ్మా, అడిగావు. మా బస్సులో నీకు పాసు ఇస్తాను, పో."

ఆ సాయంత్రమే అసలు పని మొదలైంది. సోమవారం నర్సక్క ఇచ్చిన పొట్లం ఒకటి విప్పకుండా పడి ఉంది. అందులో సేమ్యాపోగంత సన్నటి గొట్టం. ఒక కొస డబ్బాపాల సీసాలో ఉంటుంది, రెండో కొస చనుమొన పక్కన మెత్తటి పట్టీతో అంటించుకోవాలి. పిల్ల రొమ్ము చీకితే తల్లిపాలూ గొట్టంపాలూ కలిసే లోపలికి పోతాయి. పాలు వస్తున్నాయని తెలిస్తేనే దీంతో పని, అని నర్సక్క అనుమానంగానే ఇచ్చింది.

అంటించేది మొగుడు. కేకుల మీద క్రీముతో గులాబీలు దిద్దే వేళ్ళవి. గొట్టం కొస చనుమొన చివరకంటే ఆవగింజంత ముందుకి ఉండేట్టు సరిపెట్టి, "కదలకు, గులాబీ చెడుతుంది," అన్నాడు.

సీసాని ఎక్కడ పెట్టాలో తేలలేదు. అత్తయ్య పైకెత్తి పట్టుకుంటే పాలు జోరుగా వచ్చి పిల్ల ఉక్కిరిబిక్కిరైంది. కిందికి దించితే అసలు రాలేదు. తూకాలమ్మాయి గది మూలకి వెళ్ళి, ఎప్పుడో చచ్చిపోయిన స్ప్రింగు త్రాసు ఒకటి తీసింది. దాని కొక్కెం ఊడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది, వేణ్ణీళ్ళలో కడిగి, ఒక పట్టీకి కుట్టి మెడలో వేసుకుంది. పట్టీకి వరసగా రంధ్రాలు. ఒక రంధ్రం పైకి మారిస్తే ధార పెరుగుతుంది, ఒకటి కిందికి మారిస్తే తగ్గుతుంది. నాలుగో రంధ్రం దగ్గర పిల్ల కనుబొమలు విప్పుకున్నాయి. చీకడం, మింగడం, ఊపిరి, మూడూ ఒక తాళంలో పడ్డాయి.

"హోల్డాన్!" అంది అత్తయ్య. "ఆ స్టాపు మార్చకండి."

అక్కడి నుంచి శుక్రవారం దాకా ప్రతి పూటా తూకమే. ముందు పిల్ల, ముందు సీసా. తర్వాత పిల్ల, తర్వాత సీసా. పిల్ల పెరిగినదాంట్లోంచి సీసా తగ్గినంత తీసేస్తే మిగిలింది తల్లిది. గుళ్ళ పెట్టె మాత్రం అల్మారాలో, తాళం వేసి ఉంది. గోడ నిండిపోయి చాక్ రాతలు తలుపు మీదికి పాకాయి.

శుక్రవారం పొద్దున్న తూకాలమ్మాయి ఒక చంకన కాటా, మొగుడు ఒక చంకన బన్ను, అత్తయ్య ముందు నడుస్తూ దారి చేసుకుంటూ ఆస్పత్రికి వెళ్ళారు. తల్లులు అప్పటికే బెంచీల మీద కూర్చుని ఉన్నారు. ఆమె కాటాని బల్ల మీద పెట్టి, బుడగ చూసి, మీట నొక్కి సున్నా రప్పించింది.

"ముందు నీ పిల్లే," అంది నర్సక్క. "దీనికి బోణీ."

బట్టలన్నీ విప్పి పడుకోబెట్టారు. పిల్ల కాళ్ళాడించింది. అంకెలు ఒక్కసారి అటూ ఇటూ చూసి, నిలబడిపోయాయి. రెండువేల తొమ్మిది వందల తొంభై.

"సోమవారం నాడు రెండువేల ఎనిమిది వందల పది!" అంది నర్సక్క.

"నలభై అక్కా. ముప్పై ఇది తినేసింది." జేబులోంచి పసుపుపచ్చ మేజోడు తీసి బల్ల మీద పెట్టింది. నర్సక్క దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఈ మేజోడు తొడుక్కున్న పిల్ల ఈపాటికి బళ్ళో చదువుకుంటూ ఉంటుంది," అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వాపి అడిగింది. "అవును గానీ, నీ సంగతి? వస్తున్నాయా?"

తూకాలమ్మాయి కాయితం తీసింది. "ఇరవై రెండు. పద్దెనిమిది. ఇరవై. ఇరవై ఆరు. ఒకసారి ఎనిమిది, అప్పుడు చీకుతూ నిద్రపోయింది. నిన్న పొద్దున్న ముప్పై."

"అందులో గుండు లేదుగా?" అన్నాడు మొగుడు వెనకనుంచి. అత్తయ్య అతని చెయ్యి గిల్లింది.

నర్సక్క కాయితం మొత్తం చదివింది, వేలితో ఒక్కో అంకె మీద ఆగుతూ. "మూడో వంతు నీదే. ఇంకా పెరగొచ్చు, ఇక్కడే ఆగిపోనూవచ్చు, అది నేను చెప్పలేను. కానీ మానెయ్యమని మాత్రం చెప్పను. ఈ గొట్టంతోనే కానివ్వు. వచ్చే వారం మళ్ళీ తూద్దాం." తూకాలమ్మాయి మెడలో కొక్కెం చూసి, "ఇదేంటి?" అంది. చెప్పించుకుంది. "ఇలాంటిది ఇంకొకటి చేసిపెడతావా? ఇక్కడికొచ్చే ఇంకో తల్లికి పనికొస్తుంది."

"రంధ్రాలు ఆమె పిల్లని చూశాకే కొడతాను," అంది తూకాలమ్మాయి.

పిల్లకి బట్టలు తొడిగింది అత్తయ్య. తూకాలమ్మాయి కాటా పక్కన చిన్న చీటీ అంటించి, తేదీ వేసి, తన సంతకం పెట్టింది. పళ్ళెం అంచు చుట్టూ వేలు తిప్పి, ఏ సందూ లేదని చూసుకుంది. అందినట్టు రాసే కాయితం నర్సక్క ముందుకి జరిపింది.

"ఇక్కడ రాయక్కా, మేజోడు కూడా అందినట్టు."

నర్సక్క అదీ రాసి, కింద సంతకం పెట్టింది. బెంచీ మీంచి ఇంకో తల్లి లేచి, నిద్రపోతున్న తన పిల్లాణ్ణి మెల్లగా పళ్ళెంలో పడుకోబెట్టింది. అంకెలు ఒక్కసారి కదిలి, నిలబడ్డాయి.